పికప్ ట్రక్ ప్రాజెక్టు డైరీ: 8,361 మైళ్ళ మైలేజీ లెక్క, అందులో బయటపడ్డ రిపేర్లు

డాలస్ చుట్టుపక్కల పాత ఫుల్‌సైజు పికప్ కొందామని చూస్తున్న మనవాళ్ళ కోసం ఈ డైరీ రాస్తున్నాను. డాలస్‌కు వాయవ్యంగా ఉన్న డెకటర్ వైపు నాలుగెకరాల నేల, మేకలు, ఎండుగడ్డి, నీళ్ళ ట్యాంకు: నాకు బండితో ఉన్న పని ఇది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇందులోని కొలతలూ రిపేర్లూ ఏ కంపెనీ హాఫ్‌టన్ (ఫుల్‌సైజులో తేలిక రకం) బండికైనా పనికొస్తాయి.

మైలేజీ లెక్క రాయడం డబ్బు ఆదా కోసమని చాలామంది అనుకుంటారు. అసలు లాభం వేరే ఉంది. బండిలో ఏదైనా పాడవుతుంటే డాష్‌బోర్డు మీద లైటు వెలగడానికి చాలా ముందే పెట్రోలు లెక్కలో తేడా కనబడుతుంది. ఈ డైరీలో ఎక్కువ భాగం అలా బయటపడ్డవాటి గురించే.

స్టేజి 0: బండి, పనిముట్లు

వి8 ఇంజిన్, 8 గేర్ల ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్, నాలుగు తలుపుల క్యాబ్. కొన్నప్పుడు ఓడోమీటర్ 71,400. టైర్లు 275/65ఆర్18. కంపెనీ స్టిక్కరు మైలేజీ (గ్యాలన్‌కు ఎన్ని మైళ్ళో) సిటీలో 16, హైవేలో 22, రెండూ కలిపి 18.

మన ఆంధ్రలో శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌ని రోడ్డు మీద చూస్తే చాలా పెద్ద బండి అనిపిస్తుంది. ఇక్కడి లెక్కలో అది మిడ్‌సైజు. ఫుల్‌సైజు బండి పొడవు దాదాపు 19 అడుగులు, ఖాళీ బరువే రెండు టన్నులు దాటుతుంది. అందుకని అంకెలు చూసి ముందే కంగారు పడొద్దు.

కొన్న పనిముట్లు:
1. బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలను ఫోన్‌లో చూపేది): 38 డాలర్లు
2. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్: 25 డాలర్లు
3. టైరు ప్రెషర్ గేజి: ఇంట్లో ఉన్నదే
4. చేతిపుస్తకం. ఫోన్ యాప్ కన్నా ఇదే నయం, గాలి ఎటు వీస్తోందో, వెనక ఏం వేశానో రాయడానికి చోటుంటుంది

స్టేజి 1: మొదటి లెక్క

పెట్రోలు కొట్టించే పద్ధతి ఒక్కటే ఉండాలి, లేకపోతే అంకెలకు విలువ ఉండదు.

1. వీలైనంతవరకు అదే స్టేషను, అదే పంపు, బండి అదే దిక్కుకు పెట్టాలి.
2. పంపు మొదటిసారి టక్కుమని ఆగగానే ఆపేయాలి. ఆ పైన ఒక్క చుక్క కూడా వేయొద్దు.
3. మైళ్ళు, గ్యాలన్లు, ధర, బయటి ఉష్ణోగ్రత, బండిలో బరువు అక్కడే రాసుకోవాలి.
4. ఒక ట్యాంకు చూసి ఏ నిర్ణయానికీ రావొద్దు. కనీసం మూడు ట్యాంకులు కలిపి చూడాలి.

నాలుగోది ఎందుకంటే, పంపు ఒకసారి ముందు ఆగి ఇంకోసారి కాస్త ఆలస్యంగా ఆగితే అర గ్యాలన్ తేడా సులువుగా వస్తుంది. 18 గ్యాలన్ల మీద అది దాదాపు 3 శాతం. మూడు ట్యాంకులు కలిపితే 1 శాతానికి దిగుతుంది.

సగటు కట్టేటప్పుడు ఒక్కో ట్యాంకు మైలేజీని కూడి భాగించకూడదు. మొత్తం మైళ్ళను మొత్తం గ్యాలన్లతో భాగించాలి. వీలైతే 100 మైళ్ళకు ఎన్ని గ్యాలన్లో కూడా రాసుకోండి. మైలేజీ 15 నుంచి 20కి పెరిగితే 100 మైళ్ళకు 1.67 గ్యాలన్లు మిగులుతాయి. 20 నుంచి 25కి పెరిగితే మిగిలేది 1 గ్యాలనే. రెండు చోట్లా తేడా 5 అంకెలే అయినా జేబు మీద ప్రభావం ఒకటి కాదు. తక్కువ మైలేజీ ఇచ్చే పికప్‌లలో చిన్న మార్పు కూడా విలువైనది కావడం అందుకే.

ఫలితం: 1,486 మైళ్ళు, 92.4 గ్యాలన్లు, సగటు 16.1. అదే దూరానికి డాష్‌బోర్డు చూపించింది 17.2. అంటే బండి తన మైలేజీని 7 శాతం ఎక్కువ చెబుతోంది. ఎవరైనా డాష్‌బోర్డు ఫోటో పంపి "నా బండి ఇంత ఇస్తోంది" అంటే పంపు లెక్క అడగండి.

మొత్తం ఇప్పటివరకు: 1,486 మైళ్ళు / 92.4 గ్యాలన్లు / 16.1

స్టేజి 2: హైవే వేగం

డెంటన్ నుంచి ఐ-35 మీద రెడ్ రివర్ దాటి ఓక్లహామాలోని ఆర్డ్‌మోర్ దాకా, మళ్ళీ వెనక్కి. రానూపోనూ 132 మైళ్ళు, ఒక్కో వేగానికి ఒకసారి. రెండు వైపులా ఒకే వేగంతో నడపడం తప్పనిసరి. ఈ ప్రాంతంలో ఎక్కువగా దక్షిణపు గాలి వీస్తుంది. ఉత్తరానికి వెళ్ళేటప్పుడు వచ్చిన అంకె ఒక్కటే చూస్తే బండి బంగారంలా ఉందనిపిస్తుంది.

ఇక్కడ పంపు పద్ధతి పనిచేయలేదు. 132 మైళ్ళకు ఖర్చయ్యేది ఆరేడు గ్యాలన్లే, అందులో అర గ్యాలన్ పొరపాటు అంటే 7, 8 శాతం. 65కీ 70కీ ఉన్న తేడా మొత్తం అందులోనే మునిగిపోతుంది. అందుకని ఓబీడీ అడాప్టర్ చూపే ఇంధన ఖర్చు వాడాను. స్టేజి 1లో పంపుతో పోల్చినప్పుడు అది 4 శాతం తక్కువ చూపించింది కాబట్టి ఆ మేరకు పెంచి లెక్కవేశాను.

65 మైళ్ళ వేగంలో 20.6
70 మైళ్ళ వేగంలో 19.1
75 మైళ్ళ వేగంలో 17.4

మూడు వేగాలకూ కలిపి అడాప్టర్ లెక్క 20.9 గ్యాలన్లు, చివర్లో పంపు చెప్పింది 21.2. ఆ దగ్గరితనం చూశాక ఈ అంకెల మీద నమ్మకం కుదిరింది.

గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది. 65 నుంచి 75కి పోతే గాలి వెనక్కి నెట్టే బలం మూడో వంతు పెరుగుతుంది. ఎదర గోడలా ఉండే ఈ బండ్లకు ఆ దెబ్బ ఎక్కువ. నా లెక్కలో 75 మీద పోవడం వల్ల కలిసొచ్చింది 16 నిమిషాలు, అదనంగా కాలింది 1.2 గ్యాలన్లు.

స్టిక్కరు మీద హైవే 22 అని ఉందిగా అని అడిగేవాళ్ళు చాలామంది. ప్రభుత్వ హైవే పరీక్ష బండిని రోలర్ల మీద పెట్టి నడిపేది, సగటు వేగం గంటకు 48 మైళ్ళు, గరిష్ఠం 60. 2008 మోడల్ నుంచి వేగంగా నడిపే పరీక్ష, ఏసీ పరీక్ష, చలి పరీక్ష కూడా కలిపి స్టిక్కరు అంకె తగ్గిస్తున్నారు. అయినా ఐ-35 మీద 75లో ఎదురుగాలి ఆ లెక్కలోకి రాదు. ఇంకో సంగతి: స్థూల బరువు (సామానుతో కలిపి అనుమతించిన గరిష్ఠ బరువు) 8,500 పౌండ్లు దాటే, హాఫ్‌టన్ కన్నా పెద్దవైన త్రీ క్వార్టర్ టన్ బండ్లకు ఆ స్టిక్కరే ఉండదు. అవి కొనేవాళ్ళకు సొంత లెక్క తప్ప వేరే ఆధారం లేదు.

మొత్తం ఇప్పటివరకు: 1,882 మైళ్ళు / 113.6 గ్యాలన్లు / 16.6

స్టేజి 3: టైర్లు మార్చాక తప్పిన లెక్క

వాన పడితే నేలలో బురద. పాత టైర్లు తిరిగిన చోటే తిరుగుతున్నాయి. 275/70ఆర్18 ఆల్ టెరైన్ టైర్లు వేయించాను, బరువులు లాగడానికి చేసిన రకం. ఒక్కో టైరు పాతదానికన్నా సుమారు 15 పౌండ్లు ఎక్కువ.

మైలేజీ ఒక్కసారిగా 14.4కి పడింది. పదిశాతం పైన నష్టం. కానీ ఇందులో కొంత బండిది కాదు, ఓడోమీటర్‌ది. పాత టైరు వ్యాసం 814.7 మిల్లీమీటర్లు, కొత్తది 842.2. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి 3.4 శాతం ఎక్కువ దూరం పోతోంది, ఓడోమీటర్‌కి ఆ సంగతి తెలియదు.

సరిచూసే పద్ధతి:
1. ఓక్లహామా వైపు ఐ-35లో 1వ మైలు బోర్డు దగ్గర ట్రిప్ మీటర్ సున్నా చేయాలి. పక్కన ఎవరైనా కూర్చుని ఆ పని చేస్తే మంచిది.
2. 31వ మైలు బోర్డు దగ్గర అంకె చూడాలి. అసలు దూరం 30 మైళ్ళు.
3. 30ని ఆ అంకెతో భాగిస్తే దిద్దుబాటు వస్తుంది.

పాత టైర్లతో 30.1 చూపించిన మీటర్ కొత్తవాటితో 29.0 చూపించింది. 1,212 మైళ్ళన్నది నిజానికి 1,253. కాలింది 84.0 గ్యాలన్లు. అసలు మైలేజీ 14.9. అంటే టైర్ల వల్ల నిజంగా పోయింది 7 శాతం.

స్పీడు కూడా తక్కువ చూపిస్తుందని మరిచిపోవద్దు. మీటర్ 75 అంటే మీరు 77 దాటి పోతున్నారు. బండి కంప్యూటర్‌లో టైరు సైజు మార్పించాను, 120 డాలర్లు. ఆ తర్వాత గేర్లు మారే తీరు కూడా మెరుగుపడింది, అంతకుముందు 7, 8 గేర్ల మధ్య ఊగిసలాడేది.

మొత్తం ఇప్పటివరకు: 3,135 మైళ్ళు / 197.6 గ్యాలన్లు / 15.9

స్టేజి 4: చలికాలంలో పడిపోయిన మైలేజీ

ఈ స్టేజి మీద ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రాజెక్టులో నిజంగా పనికొచ్చింది ఇదే.

నవంబరు దాటాక సగటు 12.9కి దిగింది. లైటు ఏదీ వెలగలేదు. బండి నడపడంలో తేడా తెలియదు. అడిగిన ప్రతివాళ్ళూ "చలికాలం కదా" అన్నారు. చలికి కొంత తగ్గే మాట నిజమే: చలికాలపు పెట్రోలు మిశ్రమంలో శక్తి కాస్త తక్కువ, ఇంజిన్ వేడెక్కడానికి సమయం ఎక్కువ, గాలి చిక్కన. కానీ 13 శాతం పైగా పోవడానికి డాలస్ చలి సరిపోదు. ఆ తగ్గుదల మొదలైన దగ్గర్నుంచి రిపేరు దాకా 1,640 మైళ్ళు, 127.1 గ్యాలన్లు.

ముందు టైర్లు. వేసవిలో 36 ఉన్న ప్రెషర్ 31కి వచ్చింది. పది ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గితే సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది, కాబట్టి అది మామూలే. గాలి కొట్టించాను. ఒక్కో పీఎస్ఐకి 0.2 శాతం చొప్పున దీనివల్ల వచ్చేది 1 శాతమే. మిగతాది ఇంకెక్కడో ఉంది.

తర్వాత ఓబీడీ. హైవేలో అరగంట నడిపినా కూలెంట్ ఉష్ణోగ్రత 165 ఫారెన్‌హీట్ దగ్గరే ఆగిపోతోంది. 200 దాటాలి. డాష్‌బోర్డు ముల్లు మాత్రం మధ్యకు కొంచెం కిందుగా, అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనీయని వాల్వు) పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. ఇంజిన్ చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు కాస్త ఎక్కువ పోస్తుంది, ఆయిల్ చిక్కగానే ఉంటుంది, ట్రాన్స్‌మిషన్‌లో లాకప్ (ఇంజిన్‌ను గేర్‌బాక్సుకు జారకుండా కలిపే క్లచ్) ఆలస్యంగా పడుతుంది. మూడూ కలిసి మైలేజీని తినేస్తాయి. దాన్ని అలాగే వదిలేస్తే ఆయిల్‌లో చేరిన తేమా పెట్రోలూ ఆవిరి కాక ఇంజిన్ అరుగుదల పెరుగుతుంది.

18 డాలర్ల థర్మోస్టాట్ ఒకటి తెచ్చాను. బిగించే ముందు గిన్నెలో పరీక్షించాను.

1. గిన్నెలో నీళ్ళు పోసి థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీయాలి, అడుగుకు తగలకూడదు.
2. వంటింటి థర్మామీటర్ పక్కనే పెట్టాలి.
3. సన్నని మంట మీద వేడి చేస్తూ వాల్వు ఎప్పుడు కదులుతుందో చూడాలి.

195 అని ముద్ర ఉన్నది 172 దగ్గరే తెరుచుకోవడం మొదలుపెట్టింది. అది బిగించి ఉంటే ఇంకో నెల ఇదే తంటా. బండి కంపెనీదే 46 డాలర్లు పెట్టి తెచ్చాను, గిన్నెలో 196 దగ్గర తెరుచుకుంది. కూలెంట్ 24 డాలర్లు. బిగించాక హైవేలో 203 నుంచి 207 మధ్య నిలకడగా ఉంది.

702 మైళ్ళు, 50.1 గ్యాలన్లు. సగటు 14.0. బాగుపడింది కానీ 14.9 కాలేదు.

ఆ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాన్నకు ఈ సంగతి చెప్పాను. ఆయన విజయవాడ ఆటోనగర్ నుంచి ఏళ్ళ తరబడి లారీ నడిపిన మనిషి. కంప్యూటర్ అంకెలన్నీ విన్నాక ఒకటే అడిగారు: "ఏరా, బండి ఆపినప్పుడు నాలుగు చక్రాల మీదా చెయ్యేసి చూశావా?" టీ కోసం ఆగిన ప్రతిచోటా క్లీనరు చేసే మొదటి పని అదే. డ్రమ్ము వేడెక్కితే బ్రేకు పట్టేసిందని అర్థం.

చెయ్యి బదులు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. 20 మైళ్ళు హైవేలో పోయి, బ్రేకు వీలైనంత తక్కువ వాడి, ఖాళీ స్థలంలో మెల్లగా ఆపి, రోటర్ల (బ్రేకు పళ్ళేల) మీద చూశాను.

ముందు ఎడమ 128
ముందు కుడి 131
వెనక ఎడమ 126
వెనక కుడి 211

వెనక కుడి కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) జారే స్లైడ్ పిన్ను తుప్పుతో బిగుసుకుపోయింది. లోపలి ప్యాడ్ 3 మిల్లీమీటర్లు మిగిలింది, బయటిది 8. పిన్నులు, రబ్బరు బూట్లు, వెనక ప్యాడ్లు కలిపి 71 డాలర్లు. రోటర్ ఇంకా పనికొచ్చే మందంలోనే ఉంది. స్లైడ్ పిన్నుకు సిలికోన్ గ్రీజే వాడాలి, మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది.

తర్వాత 1,318 మైళ్ళు, 89.1 గ్యాలన్లు. సగటు 14.8.

డబ్బు లెక్క చూస్తే 14.9కీ 12.9కీ తేడా 100 మైళ్ళకు ఒక గ్యాలన్ పైచిలుకు. ఆ 1,640 మైళ్ళలో పోయింది 50 డాలర్ల లోపే. ఆ 50 డాలర్ల కోసం ఇంత వెతకడం అవసరమా అని ఒక స్నేహితుడు అడిగాడు. ట్రైలర్ నిండా గడ్డితో పోతున్నప్పుడు ఆ బ్రేకు పట్టేసి ఉంటే రోటర్, బేరింగ్‌తో పాటు మనుషులకూ ప్రమాదం. దాన్ని ముందే చెప్పింది ఆ 50 డాలర్ల తేడానే.

మొత్తం ఇప్పటివరకు: 6,795 మైళ్ళు / 463.9 గ్యాలన్లు / 14.6

స్టేజి 5: ట్రైలర్

తెరిచిన ఫ్లాట్ ట్రైలర్, కంచె సామాను, మొత్తం 4,600 పౌండ్లు, 60 వేగం: 318 మైళ్ళు, 27.4 గ్యాలన్లు, 11.6.

మూసి ఉన్న పెట్టె ట్రైలర్, తెలిసినవాళ్ళు ఇల్లు మారితే సామాను, మొత్తం 3,200 పౌండ్లు, అదే వేగం: 244 మైళ్ళు, 26.8 గ్యాలన్లు, 9.1.

బరువు తక్కువ, పెట్రోలు ఎక్కువ. హైవేలో గాలికి అడ్డం పడే వైశాల్యమే అసలు బరువు. అప్పటినుంచి గడ్డి కట్టలు క్యాబ్ ఎత్తు దాటకుండా వేస్తున్నాను. వెనక తలుపు దించి నడిపితే మైలేజీ వస్తుందనే మాట కూడా చూశాను, తేడా ఏమీ దొరకలేదు. తలుపు మూసి ఉంటేనే ట్రేలో గాలి సుడి తిరుగుతూ నిలిచి, పైగాలి దాని మీదుగా జారిపోతుంది. ట్రేకు మూత వేసినా నా కొలతలకు అందేంత లాభం రాలేదు.

లాగే శక్తి గురించి ప్రకటనల్లో పెద్ద అంకె చూస్తారు. ముందు చూడాల్సింది డ్రైవర్ తలుపు అంచున ఉండే పసుపు స్టిక్కరు. నా బండిలో మనుషులు, సామాను కలిపి 1,610 పౌండ్లు. ఐదుగురు పెద్దవాళ్ళు 800. ట్రైలర్ ముక్కు బరువు (బండి కొక్కెం మీద పడేది), 4,600లో 12 శాతం అనుకుంటే, 550. ఇక మిగిలింది 260. పండక్కి బంధువులను ఎక్కించుకుని ట్రైలర్ లాగేటప్పుడు ఈ లెక్క తప్పక వేయండి. స్ప్రింగులు, వెనక బేరింగులు, ట్రాన్స్‌మిషన్ ముందే అరిగేది ఇలాంటి ప్రయాణాల్లోనే.

మొత్తం ఇప్పటివరకు: 7,357 మైళ్ళు / 518.1 గ్యాలన్లు / 14.2

స్టేజి 6: ఇంజిన్ ఆరోగ్యం

ఆయిల్ మార్చినప్పుడు చిన్న సీసాలో నమూనా ల్యాబుకి పంపాను, 38 డాలర్లు. ఇనుము మామూలుగానే ఉంది. సిలికాన్ 22, అంటే దుమ్ము లోపలికి పోతోంది. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీసి చూస్తే ఒక క్లిప్పు విరిగి ఒక పక్క సందు ఉంది. మట్టి రోడ్ల మీద తిరిగే బండికి ఇది మెల్లగా ఎక్కే విషం. క్లిప్పు 6 డాలర్లు. తర్వాతి నమూనాలో సిలికాన్ 11.

ఈ వి8లో బరువు లేనప్పుడు సగం సిలిండర్లు ఆగిపోయే ఏర్పాటు ఉంది. ఇలాంటి ఇంజిన్లలో లిఫ్టర్లు (వాల్వులను కదిలించే చిన్న భాగాలు) పాడవడం మెకానిక్కులందరూ చెప్పే మాట. ఓబీడీ పోర్టులో పెట్టే పరికరంతో దాన్ని ఆపేశాను, 190 డాలర్లు. 1,004 మైళ్ళు, 70.2 గ్యాలన్లు, సగటు 14.3. అర మైలు తగ్గింది. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే సుమారు 80 డాలర్లు. లిఫ్టర్లు పోతే బిల్లు వేలల్లో ఉంటుంది. ఆపినంత మాత్రాన అవి పాడవవని గ్యారంటీ లేదు, ముందే అరిగినవాటిని ఇది బాగుచేయదు. అయినా నా లెక్కలో ఆ 80 డాలర్లు ఇవ్వదగ్గవే, ఉంచేశాను. వారంటీ ఉన్న బండికి మాత్రం పెట్టే ముందు ఆలోచించండి.

మైలేజీకీ మన్నికకూ మధ్య ఈ పెనుగులాట కంపెనీల స్థాయిలోనూ ఉంది. పల్చటి 0డబ్ల్యూ-20 ఆయిల్ వాడేది ఘర్షణ తగ్గించి మైలేజీ కాస్త పెంచడానికి. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల వి8 ఉన్న 2021 నుంచి 2024 మోడళ్ళను, అమెరికాలోనే దాదాపు ఆరు లక్షల బండ్లను, రీకాల్ చేసింది. కారణం క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ లోపాలు. తనిఖీలో నెగ్గిన ఇంజిన్లకు ఇచ్చిన పరిష్కారం చిక్కటి 0డబ్ల్యూ-40 ఆయిల్. మన్నికకు పేరున్న టయోటా కూడా 2024లో టండ్రా, లెక్సస్ ఎల్ఎక్స్ కలిపి లక్షకు పైగా బండ్లను ఇంజిన్‌లో మిగిలిపోయిన లోహపు రజను వల్ల వెనక్కి పిలిచింది. బ్రాండు పేరు చూసి తృప్తిపడకుండా, కొనబోయే బండి విన్ నంబరును (బండి గుర్తింపు సంఖ్యను) ప్రభుత్వ రీకాల్ వెబ్‌సైటులో చూడండి, ఒక్క నిమిషం పని.

పాత బండి చూడటానికి వెళ్ళేటప్పుడు నేనిప్పుడు చేసేవి:
1. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే వస్తానని ముందే చెప్పడం, స్టార్ట్ చేయగానే టకటక శబ్దం వినడం
2. ఓబీడీ పెట్టి 20 మైళ్ళు నడిపి కూలెంట్ ఉష్ణోగ్రత చూడటం
3. ఆగాక నాలుగు రోటర్ల వేడి కొలవడం
4. టైరు సైజును తలుపు స్టిక్కరుతో పోల్చడం. పెద్ద టైర్లుంటే ఓడోమీటర్ అసలు కన్నా తక్కువ చూపిస్తూ ఉండొచ్చు

మొత్తం ఇప్పటివరకు: 8,361 మైళ్ళు / 588.3 గ్యాలన్లు / 14.2. నాన్న అడిగే లెక్కలో లీటరుకు 6 కిలోమీటర్లు.

ఖర్చు: పెట్రోలు సగటున 2.85 చొప్పున 1,677 డాలర్లు, మైలుకు 20 సెంట్లు. పనిముట్లు, విడిభాగాలు, రెండు ఆయిల్ పరీక్షలు, కంప్యూటర్ దిద్దుబాటు కలిపి 614. టైర్లు విడిగా 1,120. రిపేరు పనికి కూలీ లేదు, అన్నీ ఇంటి దగ్గరే చేశాను.

స్టేజి 7: మిగిలిన పని

ట్రైలర్ లాగినప్పుడు ట్రాన్స్‌మిషన్ ఉష్ణోగ్రత 212 దాకా వెళ్ళింది, మామూలుగా 180 దగ్గర ఉంటుంది. ఆ ఆయిల్ ఎప్పటికీ మార్చక్కర్లేదనే మాట నేను నమ్మను. తర్వాతి ట్యాంకుకి ముందు నమూనా తీసి ల్యాబుకి పంపి, పాత ఆయిల్ సగం దించి కొత్తది పోస్తాను. ఈ ఆల్ టెరైన్ టైర్లు అరిగాక మళ్ళీ 275/65 సైజులోనే, తేలిక రకం వేయించి స్టేజి 1 దూరం తిరిగి కొలవాలి. అప్పటికి స్లైడ్ పిన్నులు నాలుగూ ఇంకోసారి తీసి చూడాలి.